పదకొండో డిమాండు

మా ఊళ్ళో కార్మిక సంఘాలన్నీ కలిసి పెట్టుకున్న సమన్వయ కమిటీకి చాలా ఏళ్ళుగా ఉత్తరాలు రాసేవాణ్ణి నేను. నాయకుణ్ణి కాను. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే మా బంధువుల్లో కొందరు నేను వేలెత్తితే గుంటూరు ఆగిపోతుందనుకుంటారు. నా బొంద. నేను పరుపులు కుట్టుకునేవాణ్ణి. మా తాత ఇల్లిల్లూ తిరిగి దూది ఏకాడు, మా నాయన ఏకాడు, నేను మిషను మీద ఏకించి పరుపులూ దిండ్లూ కుడతాను. మా పరుపులవాళ్ళ సంఘం మొత్తం ఒక్క వ్యానులో పట్టేస్తుంది. అందుకే నన్ను కమిటీకి కార్యదర్శిని చేశారు. ముఠా కూలీల మనిషిని చేస్తే ఆటోవాళ్ళు ఒప్పుకోరు, ఆటోవాళ్ళని చేస్తే జిన్నింగు మిల్లువాళ్ళు ఒప్పుకోరు. పరుపులవాడైతే ఎవరికీ బెంగ లేదు. పైగా నా చేతిరాత బాగుంటుంది. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది, దాన్ని అందరూ భరించారు.

కమిటీ పనంటే జెండాలూ నినాదాలూ అనుకుంటారు బయటివాళ్ళు. ఏడాదికి రెండు మూడు రోజులు అవీ ఉంటాయి, కాదనను. మిగతా రోజుల్లో మాత్రం సైకిల్ షాపు మేడ మీది గదిలో, కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఒకరి మీద ఒకరు అరుచుకోవడమే. ఆటోలు అడ్డం పెడుతున్నారని ముఠావాళ్ళు, బస్తాలు దారిలో పడేస్తున్నారని ఆటోవాళ్ళు. కనిగిరి నుంచి వచ్చిన కూలీ ఎవరైనా లారీ మీద నుంచి పడితే వాళ్ళ ఊరికి కబురు పంపడం, మనిషొచ్చే దాకా ఆస్పత్రిలో పక్కన కూర్చోవడం. మునిసిపాలిటీలో ఊడ్చే ఆవిడ పింఛను కాగితాలు నింపడం. పత్రికలకెక్కే పని ఒక్కటీ లేదు. అయినా నాకు ఇష్టంగానే ఉండేది.

అన్నిటికన్నా పెద్ద పని ఏటా కొత్త కాయ దిగడానికి ముందు జరిగేది. కాయ అంటే మిరపకాయే, మా వైపు వేరే కాయ లేదు. మిర్చి మీద బతికే సంఘాలన్నిటి డిమాండ్లూ ఒకే ఉత్తరంగా రాసి వ్యాపారులకి ఇస్తాం. బస్తాలు మోసే ముఠాలు, కోల్డ్ స్టోరేజీవాళ్ళు, లారీలకెత్తేవాళ్ళు, అందరివీ. తర్వాత రెండు పక్షాలవాళ్ళం లేబరాఫీసులో బల్లకి ఇటూ అటూ కూర్చుని మాట్లాడుకుంటాం. ఒప్పందం కుదిరితే సీజనంతా ఆ కాగితమే మాకు ఆధారం.

ఆ ఉత్తరం రాయడంలో ఒక కిటుకుంది. ఎదుటివాళ్ళు కూడా తమవాళ్ళ దగ్గరికెళ్ళి, ఫలానాది ఒకటి కొట్టేయించాం అని చెప్పుకోవాలి కదా. అందుకని వదిలేయడానికే ఒక డిమాండు ఆఖర్న పెడతాం. మా అధ్యక్షుడు దానికి గుమ్మడికాయ అని పేరు పెట్టాడు. ఇంటి ముందు దిష్టికి కడతామే, అది. చూపు దాని మీద పడాలి, పగిలితే అదే పగలాలి, ఇల్లు చల్లగా ఉండాలి. ఆయన ముఠా మేస్త్రీ, డెబ్బై దాటిన మనిషి. వీపు మీద ఎన్ని వేల బస్తాలు దాటి ఉంటాయో ఆయనకే తెలీదు. అందరం పెద్దాయనా అనే పిలుస్తాం. ఏటా ఉత్తరం సగం పూర్తయ్యాక ఆయన నా వైపు తిరిగి, “ఏరా సెక్రెట్రీ, ఈసారి గుమ్మడికాయ ఏది?” అనేవాడు.

ఒక ఏడాది ఎంత వెతికినా గుమ్మడికాయ దొరకలేదు. ప్రతి సంఘమూ తనది ముఖ్యమంటే తనది ముఖ్యమంటోంది. అప్పుడు నాకు మా ఆవిడ మాట గుర్తొచ్చింది. ఆవిడ సీజన్లో ఊరి బయట షెడ్లలో ముచ్చికలు తీయడానికి వెళ్తుంది. ఎగుమతికి పోయే కాయకి తొడిమ ఉండకూడదు, ఆ ముచ్చికని చేత్తోనే తుంచాలి. వందల మంది ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాయల కుప్పల ముందు కూర్చుని అదే పని. ఆ మధ్యెప్పుడో అన్నం పెడుతూ, “షెడ్డులో ఆడవాళ్ళు పోవడానికి చోటు లేదండీ” అంది. నేను వినీ విననట్టు విన్నాను. ఆ ఆదివారం మీటింగులో ఆ మాటే పనికొచ్చింది. “ముచ్చికలు తీయు షెడ్లలో స్త్రీలకు నీటి వసతితో మరుగుదొడ్లు కట్టించవలెను” అని పదకొండో డిమాండుగా రాశాను. గుండ్రటి అక్షరాలతో, ముద్దుగా. పెద్దాయన విని, “బాగుందిరా, న్యాయంగానూ ఉంది, వదలడానికీ బాగుంది” అన్నాడు.

నిజంగానే బాగా పనిచేసింది. షావుకార్లు “ఇది ఇప్పట్లో కుదరదు” అనేవాళ్ళు. పెద్దాయన ముఖం మాడ్చుకునేవాడు. నేను ఫైలు మూసి లేవబోయినట్టు నటించేవాణ్ణి. చివరికి, మీ మాట కాదనలేక వదిలేస్తున్నాం అనేవాళ్ళం. బయటికొచ్చి టీ తాగుతూ నవ్వుకునేవాళ్ళం. ముచ్చికలు తీసే ఆడవాళ్ళకి అప్పట్లో సంఘం లేదు, ఎందుకు వదిలేశారని అడిగే మనిషి లేదు. అలా ఆరేళ్ళు నడిచింది. ఆరేళ్ళూ అదే వాక్యం, అదే పదకొండో స్థానం.

ఆరో ఏడు ఎండాకాలంలో మా ఆవిడకి జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరమే అనుకుని మందుల షాపు బిళ్ళలతో వారం లాగించాం. ఒకరోజు నడుం పట్టుకుని లేవలేకపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ రిపోర్టులు చూసి, “రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతావమ్మా?” అంది.

“ఇంటికొచ్చాక తాగుతానండీ.”

“మరి పొద్దున్నుంచీ?”

మూత్రంలో చీము పట్టి అది కిడ్నీల దాకా పాకిందనీ, ఇంకోసారి ఇలా తెచ్చుకుంటే కిడ్నీ దక్కదనీ డాక్టరమ్మ నిక్కచ్చిగా చెప్పింది. నా కోపం సంగతి చెప్పానుగా. వరండాలోకి రాగానే అందరి ముందూ అరిచాను.

“మంచినీళ్ళు తాగమని కూడా నేను గుర్తు చెయ్యాలా? చిన్నపిల్లవా నువ్వు?”

ఆవిడ బెంచీ మీద కూర్చుని, నెమ్మదిగా, వేరేవాళ్ళకి వినపడకుండా చెప్పింది. “తాగితే వెళ్ళాలిగదండీ. చేతులనిండా కారం. అక్కడ కడుక్కోవడానికి నీళ్ళుండవు, సబ్బుండదు. మొదట్లో ఒకసారి ముళ్ళచెట్ల వెనక్కి వెళ్ళొచ్చా. ఆ మంట రెండ్రోజులు తగ్గలేదు. మీకు చెప్పుకోలేక ఏడ్చా. అప్పట్నుంచి పనిలో ఉన్నంతసేపూ నీళ్ళు ముట్టుకోను. నేనొక్కదాన్నే కాదు, అందరం అంతే.”

నాకు నిలువునా సిగ్గేసింది. ఎప్పుడూ ఎవరి ముందూ తల దించనివాణ్ణి, ఆ బెంచీ పక్కన ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను. ఆ డిమాండు రాసిందీ నేనే, వదిలించిందీ నేనే అని అప్పుడే చెప్పి ఉండాల్సింది. దానికి బదులు, షెడ్డు పని మానెయ్ అన్నాను. “మానేసి ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోనా? నావాళ్ళంతా అక్కడే ఉన్నారు” అంది. కాస్త కోలుకున్నాక మళ్ళీ సీజన్‌కి వెళ్తానని తేల్చి చెప్పేసింది. నీళ్ళు తాగకుండా వెళ్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

ఆ వానాకాలంలోనే షెడ్ల ఆడవాళ్ళు సంఘం పెట్టుకున్నారు. వాళ్ళ తరఫున ఒకావిడ మా కమిటీకి వచ్చింది. మా మేడ మెట్లెక్కిన మొదటి ఆడమనిషి ఆవిడే. అంతకుముందు ఊడ్చే ఆడవాళ్ళ తరఫున కూడా మగాడే వచ్చేవాడు. రోజూ ప్రత్తిపాడు నుంచి ఆటోలో వచ్చి మా ఆవిడ ఉండే షెడ్డులోనే పనిచేసే మనిషి, ఏభై దాటి ఉంటాయి, గొంతు పెద్దది. మేమంతా అక్కా అన్నాం. ఆవిడొచ్చిన రోజే ఉత్తరం ఖరారు చేసే రోజయింది.

ఆ ఏడు మరుగుదొడ్ల సంగతి పైకి తేవాలని నాకు బలంగా ఉంది. కానీ కమిటీని అడక్కుండా వరస ఎలా మారుస్తానని నాకు నేనే చెప్పుకుని, ఎప్పటిలాగే పదకొండోదిగా రాసుకెళ్ళాను. పిరికితనం, అంతకన్నా ఏం లేదు.

“తమ్ముడూ, రాసింది మొత్తం చదువు” అంది అక్క.

చదివాను. ఆఖరిది విన్నాక ఆవిడ, “మాది ఈసారీ చివర్నే ఉందేం?” అంది.

ఆటో సంఘం మనిషి సాయం చేస్తున్నాననుకుని నవ్వుతూ, “అది గుమ్మడికాయ అక్కా” అని మొదలుపెట్టి కిటుకంతా విప్పి చెప్పేశాడు. నాకు వాడి నోరు నొక్కేయాలనిపించింది.

అక్క అరవలేదు. అరిచినా బాగుండేది. “ఎన్నేళ్ళ నించి?” అంది.

“ఆరేళ్ళు” అన్నాను.

“పెట్టిందెవరు?”

“కమిటీ అంతా కలిసే పెట్టాంలేమ్మా” అన్నాడు పెద్దాయన, నన్ను కాపాడుతూ.

“కాదు. నేనే పెట్టాను” అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “నువ్వా? మా పిల్ల మొగుడివి, నువ్వా!” అంది. ఆ ముఖం ఎందుకంతలా మారిందో నాకప్పుడు అర్థం కాలేదు.

పెద్దాయన చెడ్డవాడు కాదు. ఆయన బాధ ఆయనది. “చేతిలో వదలడానికేదీ లేకుండా కూర్చుంటే వాళ్ళు నేరుగా కూలి రేటు మీద పడతారమ్మా. నా వెనక ముఠాలున్నాయి. వాళ్ళకేం చెప్పను?” అన్నాడు.

“వదలడానికి ఒకటి కావాలంటే మగాళ్ళది పెట్టండి” అంది అక్క. “మాది ఆరేళ్ళు పగలగొట్టారు, చాలు.”

అప్పుడు నేను మా ఆవిడ జ్వరం సంగతి చెప్పాను. డాక్టరమ్మ అన్నదీ, బెంచీ మీద మా ఆవిడ చెప్పిందీ, మంట సంగతితో సహా. పెళ్ళాం గురించి అలాంటి మాటలు పదిమంది మగాళ్ళ ముందు చెప్పాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. చెబుతుంటే చెవులు వేడెక్కిపోయాయి. పెద్దాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“మా కోడలు కూడా షెడ్డుకే పోతుంది గదరా” అన్నాడు. “ఒక్క ముక్క చెప్పలేదే.”

“మీరు అడిగారా?” అంది అక్క.

ఆయన నా వైపు తిరిగి, “మరుగుదొడ్లది మొదట రాయి. ముఠాలకి నడుం వాల్చడానికి ఫ్యాన్ల గది అడిగాం చూడు, దాన్ని ఆఖరికి పంపు” అన్నాడు. నేను అక్కడికక్కడే కొత్త కాగితం తీసి మళ్ళీ మొత్తం రాశాను. మెట్లు దిగేటప్పుడు అక్క వెనకనుంచి పిలిచింది.

“ఇంట్లో చెప్పావా ఈ సంగతి?”

“లేదక్కా.”

“నేను చెప్పను. నీ నోటితో నువ్వే చెప్పుకో.”

లేబరాఫీసులో మాటల రోజు షావుకార్ల తరఫున ఎప్పుడూ వచ్చే ఆయనే వచ్చాడు. మర్యాదస్తుడు, నవ్వుముఖం. “మీకు శ్రమెందుకని ఈసారి మేమే ఒప్పందం టైపు చేయించుకొచ్చాం” అని కాగితాలు పంచాడు. చూస్తే ముఠాల రేటు ఉంది. కోల్డ్ స్టోరేజీవాళ్ళ సెలవులున్నాయి. మేం వదిలేద్దామని ఆఖర్న పెట్టిన ఫ్యాన్ల గది కూడా ఇచ్చేశాడు మహానుభావుడు! మరుగుదొడ్లు మాత్రం లేవు. మేం మొదట పెట్టామని చూసుకోనైనా లేదు, అలవాటుగా దాన్నే వెతికి తీసేశాడు.

“బాత్రూముల సంగతి వచ్చే ఏడు చూద్దాం. మామూలేగా” అన్నాడు నాతో, కన్ను గీటి.

నేను లేచాను. ఈసారి నటన కాదు. “ఏవిటండీ మామూలు? మనుషులు నీళ్ళు మానేసి ఆస్పత్రుల్లో పడుతుంటే మామూలంటారా?” అని అరిచాను. ఆఫీసరుగారు, ఇది ఆఫీసు, కూర్చోండి అన్నారు. షావుకారు నిజంగానే బిత్తరపోయాడు.

“అదేంటండీ, ఏటా మీరే వదిలేస్తున్నారుగా! మీకంత ముఖ్యమని ఒక్కనాడన్నా అన్నారా?” అన్నాడు.

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? కూర్చుండిపోయాను.

అప్పుడు అక్క మాట్లాడింది, బేరం ఆడుతున్నంత తాపీగా. “వాళ్ళు అనలేదండీ. నేనంటున్నా. కొత్త కాయ దిగిన రోజు మావాళ్ళు ఒక్కరు కూడా షెడ్డు గడప తొక్కరు. ముచ్చికతో ఉన్న కాయ ఓడెక్కుతుందేమో ఎక్కించుకోండి.”

షావుకారు పెద్దాయన వైపు చూశాడు. “మీ రేటు ఒప్పేసుకున్నాంగా పెద్దాయనా, మీరు సంతకం పెట్టండి, తర్వాత చూద్దాం” అన్నాడు. ముఠాలు ఎన్నాళ్ళనుంచో అడుగుతున్న రేటు ఆ కాగితం మీద ఉంది. పెద్దాయన పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. “ముందు మొదటిది రాయించండి” అన్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక, ప్రతి షెడ్డులో మరుగుదొడ్లు, కొళాయి, సబ్బు, సీజను మొదలయ్యేలోపు, అని చేత్తో రాసి అందరం సంతకాలు పెట్టాం. ముందు అక్క చేత పెట్టించాం.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో కూర్చుని దిండు గలేబులకి బొత్తాలు కుడుతోంది. “ఒప్పుకున్నారా?” అంది నా ముఖం చూసి.

“ఒప్పుకున్నారు.”

ఆవిడ సూది కింద పెట్టేసి పకపకా నవ్వింది. జ్వరం తర్వాత అంత నవ్వు చూళ్ళేదు నేను. “నాకు తెలుసు. ఆరేళ్ళు పట్టు వదలకుండా రాశారు మీరు.”

“నీకెలా తెలుసు?” అన్నాను.

“ఏటా మీ ఉత్తరం ఫొటో మా షెడ్డువాళ్ళ ఫోన్లలోకి వచ్చేదిగా! మీ రాత నాకు తెలీదా? పదకొండోది నేనే అందరికీ పైకి చదివేదాన్ని. షావుకార్లు ఈసారీ ఒప్పుకోలేదంట అని మావాళ్ళు నీరసపడితే, మా ఆయన ఊరుకోడు, మళ్ళీ ఏడు మళ్ళీ రాస్తాడు అనేదాన్ని. రాసేవారు కూడానూ. అందుకేగా నా బాధ మీకు చెప్పంది! పాపం చేయగలిగిందంతా చేస్తున్నారు, ఇంకా చెప్పి ఏడిపించడం ఎందుకని.”

కమిటీ గదిలో అక్క ముఖం ఎందుకలా మారిందో అప్పుడు తెలిసింది. ఊరుకుంటే ఊరుకోవచ్చు. పని అయిపోయింది, దొడ్లు వస్తున్నాయి, ఆవిడ నవ్వుతోంది. ఊరుకుందామనే అనుకున్నాను, అబద్ధమెందుకు. కానీ ఆ నవ్వు నాది కాదు. పక్కన కూర్చుని, ఆ వాక్యం ఎందుకు రాశానో, ఆఖర్నే ఎందుకు పెట్టానో, బయట టీ తాగుతూ నవ్వుకున్నామే, అది కూడా దాచకుండా చెప్పాను.

ఆవిడ సూది మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తిడుతుందనుకున్నాను.

“అయితే వాళ్ళందరికీ ఆరేళ్ళు నేను అబద్ధం చెప్పానా?” అంది.

“నువ్వెందుకు చెప్పావు, తప్పు నాది.”

“పైకి చదివింది నేనేగా” అంది. బొత్తాం దారం తెంపి, “మీరే వచ్చి చెప్పండి వాళ్ళకి” అంది.

కొత్త కాయ దిగిన రోజు ఆవిడతో షెడ్డుకి వెళ్ళాను. ఘాటుకి గుమ్మంలోనే తుమ్ములు మొదలయ్యాయి. వెనక గోడ పక్కన రంగు ఆరని తలుపులు, కొళాయి, గూట్లో సబ్బుముక్క. ఆడవాళ్ళంతా కుప్పల ముందు కూర్చున్నాక మధ్యలో నిలబడి చెప్పాను. లేబరాఫీసులో అరిచిన గొంతు ఇక్కడ పైకి రాలేదు. ఎవరి చేతులూ ఆగలేదు, ముచ్చికలు టపటపా తెగుతూనే ఉన్నాయి. ముందు వరసలో ముసలావిడ ఒకామె, “సరేలేవయ్యా, వెలుతురుకి అడ్డంగా నిలబడ్డావు, పక్కకి జరుగు” అంది. నలుగురైదుగురు నవ్వారు. మా ఆవిడ తల ఎత్తలేదు.

ఇప్పుడు ఆవిడ ఆరోగ్యం బాగానే ఉంది. పెద్ద సీసాతో నీళ్ళు పట్టుకెళ్ళి ఖాళీ సీసా తెస్తుంది. ఇంట్లో నాతో ఎప్పటిలాగే మాట్లాడుతుంది, ఎప్పటిలాగే కూర వండి పెడుతుంది, నా కోపాన్ని ఎప్పటిలాగే వెక్కిరిస్తుంది. కమిటీ ఉత్తరాలు ఇంకా నేనే రాస్తున్నాను. మొన్న ఆదివారం ఉత్తరం ముగించాక అక్కని అడిగాను, షెడ్డులో మా ఆవిడ నా గురించి ఏమన్నా అంటుందా అని.

“నీ మాట వచ్చినప్పుడల్లా ముచ్చికలు తీసుకుంటూ కూర్చుంటుంది తమ్ముడూ” అంది. “మా ఆయన ఊరుకోడు అనే మాట మళ్ళీ దాని నోట నేను వినలేదు.”